గుల్ల మోగిన మంచు

మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమాస్తాగా పని విరమించిన రోజున నాకు శాలువా కప్పారు. మాట్లాడినవాళ్లలో ఒకాయన మైకు పట్టుకుని, "వీరిని మామూలు గుమాస్తా అనుకోకండి. వయసులో ఉన్నప్పుడు మంచు కొండల్లో తుఫానుకు ఎదురు నిలిచి, తన పుస్తక జ్ఞానంతో ఇరవై మంది కూలీల ప్రాణాలు కాపాడారు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, అది అబద్ధం, కాపాడినవాడు వేరే మనిషి అని చెప్పవలసింది. మెడలో దండ ఉంది, ఒళ్లో మిఠాయి పొట్లం ఉంది. కూర్చునే నమస్కారం పెట్టాను.

ఆ కథ ఎవరు పుట్టించారో నాకు తెలియదు. ఇన్నేళ్లలో నోటి నుంచి నోటికి పాకి, తలకిందులై, తిరిగి నా దగ్గరికే వచ్చింది. సూర్యాపేట గ్రంథాలయంలో నా పక్కన కూర్చుని ఉద్యోగ పరీక్షలకు చదువుకునే మీరు కూడా దాన్ని నమ్ముతున్నారని మొన్న తెలిసింది. "తాతా, మంచు తుఫాను సంగతి చెప్పు" అని అడిగారు. చెబుతాను. చప్పట్లు మాత్రం కొట్టకండి.

నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. ఎడమవైపు బీరువాతో మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను. చరిత్ర, భూగోళం, ఆరోగ్యం, తేనెటీగల పెంపకం, ఏది చేతికొస్తే అది. నచ్చిన వాక్యాలు నల్ల అట్ట నోటుబుక్కులో ఎత్తి రాసుకునేవాణ్ణి. ఎవరైనా గ్రంథాలయ పుస్తకంలో పెన్సిలు గీత గీస్తే వాళ్లతో దెబ్బలాడేవాణ్ణి. ఎవరు ఏ మాట చెప్పినా "అది ఏ పుస్తకంలో ఉంది?" అని అడగడం నాకు అలవాటు. ఊళ్లో నన్ను చూస్తే కొందరు రోడ్డు దాటి అవతలికి పోయేవారని తర్వాత తెలిసింది.

అరవైల చివర, సాగర్ డ్యాం దగ్గర రాతి పని తగ్గిపోతున్న రోజుల్లో, ఒక కాంట్రాక్టరు అక్కడి పనివాళ్లను ఉత్తరాది కొండల్లో రోడ్డు వేయడానికి తీసుకుపోయాడు. ఇరవై ఒక్క మంది ముఠా. హాజరు పట్టీ, సామాను, ఉత్తరాలు చూసుకునే టైంకీపరుగా నన్ను పెట్టుకున్నారు. అందరి మీద అజమాయిషీకి కోదాడ మనిషి ఒకాయన సూపర్‌వైజరుగా వచ్చాడు.

ముఠాకు పెద్ద, మోతె దగ్గరి ఒక తండా నుంచి వచ్చిన మేస్త్రీ. యాభై దాటిన మనిషి. అక్షరం రాదు. కానీ రాయిని సుత్తితో ఒక్కసారి తట్టి, చెవి ఒగ్గి, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. గణగణమంటే గట్టిది, డొబ్బుమంటే గుల్ల. డ్యాం దగ్గర అతను గుల్ల అన్న బండను పెద్ద ఇంజనీర్లు కూడా గోడలోకి రానిచ్చేవారు కాదట. ముఠాలో అతని అల్లుడు కూడా ఉన్నాడు. పాతికేళ్ల వాడు, నవ్వు మొహం.

రైల్లో రెండు రోజులూ మంచు గురించి నేనే ఉపన్యాసం ఇచ్చాను. మంచు ఎలా పుడుతుంది, ఎన్ని రకాలు, పర్వతాల మీద ఎందుకు నిలుస్తుంది. నా నోటుబుక్కులో పర్వతాల గురించిన ఒక పుస్తకం నుంచి ఎత్తి రాసుకున్న పేజీలు పదకొండు ఉన్నాయి. మేస్త్రీ బీడీ కాలుస్తూ అంతా విని, చివరికి అన్నాడు.

"పంతులూ, నువ్వు యాడ జూసినవ్ మంచు?"

"చూడలేదు. చదివాను."

"సూర్యాపేటల కూసొని మంచు నేర్సుకున్నవ్. తిరుమలగిరిల కూసొని ఈత నేర్సుకున్నట్టు."

పెట్టె పెట్టంతా నవ్వింది. తిరుమలగిరి మెట్ట నేల, తాగే నీళ్లకే కరువు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ మంట లోపల దాచుకున్నాను. తర్వాత జరిగినదానికి అది కూడా ఒక కారణమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కొండమీద మా క్యాంపు రెండు రేకుల షెడ్లు. రోడ్డు జారిపోకుండా లోయ వైపు రాతి గోడ కట్టడం మా పని. చలి ముదిరేలోపు కిందికి దింపుతామని కాంట్రాక్టరు మాట ఇచ్చాడు. దింపలేదు. గోడ పూర్తి కాలేదన్నారు.

మొదటి మంచు పలచగా పడిన తెల్లవారి ఒక తమాషా జరిగింది. మా వంటాయనది మిర్యాలగూడ. పొయ్యి రాజేసే ముందు వాకిట్లో సానుపు చల్లనిదే అతనికి తోచదు. ఆ రోజూ బకెట్టు నిండా నీళ్లు తెచ్చి గుమ్మం ముందు చల్లాడు. క్షణంలో గుమ్మం అద్దమైంది. ముగ్గురు జారి నడుములు విరగ్గొట్టుకున్నారు. నేను పరుగున వెళ్లి నీరు ఏ చలికి గడ్డకడుతుందో నోటుబుక్కు తీసి చదివాను. వంటాయన నడుం పట్టుకుని, "గది నీళ్లు జల్లకముందు సదవొద్దా సారూ?" అన్నాడు. ఆ మాట అప్పుడు నవ్వులాటే.

సాయంత్రం వెలుతురు ఉన్నంతసేపూ మేస్త్రీ అల్లుడికి అక్షరాలు నేర్పేవాణ్ణి. అతనే అడిగాడు. "ఇంటికి పోయెటాళ్లకు పేరు రాసుడు రావాలె పంతులూ. మా ఇంటామెకు సూపియ్యాలె." బొగ్గుతో రేకు మీద రాసేవాడు. మొదటి అక్షరం పెద్దదిగా, చివరి అక్షరం కిందికి జారిపోయినట్టుగా ఉండేది. ఇంటికి రాయించిన ఉత్తరంలో కూడా ఈ సంగతి చెప్పమన్నాడు. నేనే రాశాను: "నాకు సంతకం వచ్చింది."

ఆ తర్వాత పది రోజులకు తుఫాను వచ్చింది.

మూడు రోజులు కురిసింది. మీరు మంచును సినిమాల్లో చూసి ఉంటారు, దూది రాలినట్టు. మాకు అలా రాలేదు. అడ్డంగా వచ్చింది. వడ్ల మిల్లులో ఊక గొట్టం పగిలి మొహాన కొట్టినట్టు వచ్చింది. షెడ్డు రేకులు మూడు రోజులూ వణికాయి. తలుపు తెరిస్తే ఎదుట తెల్లగోడ. ఎదుటి షెడ్డుకు పోవడానికి తాడు కట్టుకున్నాం. పిండి తడిసింది, కిరసనాయిలు చిక్కబడింది, బీడీలు అయిపోయాయి. మేస్త్రీ పగలంతా తలుపు దగ్గర కూర్చుని గాలి ఎటు కొడుతోందో చూస్తూ ఉండేవాడు.

నాలుగో రోజు పొద్దున ఎండ వచ్చింది. కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ. అందరూ పెళ్లివారిలా బయటికి వచ్చారు.

మా గోడ దగ్గర రోడ్డు ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపు మీదికి కొండవాలు నిటారుగా దిగుతుంది. గాలి మూడు రోజులూ మంచునంతా ఆ వాలు మీదికే తోసింది. మరునాడు పెద్ద ఆఫీసరు జీపులో వస్తున్నాడనీ, సాయంత్రానికి మలుపు సాఫు చేయాలనీ సూపర్‌వైజరు అన్నాడు. పారలు పంచుతుండగా మేస్త్రీ గడ్డపార తీసుకుని వాలు అంచుకు వెళ్లాడు. దాని మొనతో మంచు మీద తట్టాడు. చెవి ఒగ్గాడు. నాలుగు అడుగులు పక్కకు జరిగి మళ్లీ తట్టాడు.

"ఏం మేస్త్రీ, కొండకి జ్వరం చూస్తన్నావా?" అని సూపర్‌వైజరు నవ్వాడు.

మేస్త్రీ నవ్వలేదు. "సారూ, ఇది గుల్లగున్నది. పైపొర లోపలి పొరకు అంటలేదు. ఎండకు కదులుతది. రెండు రోజులు ఈ మలుపు జోలికి పోవద్దు. దానంతట అది కిందికొస్తది. అందాక కింది రోడ్డు సాఫు జేస్తం."

"రాయి మోగుద్ది, ఒప్పుకుంటా. మంచు మోగుద్దంటయ్యా ఎక్కడైనా? పని ఎగ్గొట్టడానికి మీకు దొరకని సాకు లేదు."

"సాకు గాదు సారూ. మీరే అచ్చి ఇనున్రి."

ఆయన వినడానికి వెళ్లలేదు. నావైపు తిరిగాడు. "పంతులుగారూ, మీరు చదువుకున్నవాళ్లు. చెప్పండి, పుస్తకాల్లో ఏముంది?"

గారు అన్నాడు. అక్కడికి వచ్చాక నన్ను గారు అనడం అదే మొదలు. ఇరవై ఒక్క మంది నావైపు చూస్తున్నారు. నేను నోటుబుక్కు తీసి చదివాను: శీతల పర్వత ప్రాంతాల్లో కురిసిన మంచు చలికి క్రమంగా బిగిసి గట్టిపడుతుంది.

"ఎన్ని రోజులకు పంతులూ?" అని మేస్త్రీ అడిగాడు. ఎగతాళి చేయలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

ఎన్ని రోజులకో నోటుబుక్కులో లేదు. తెలియదని చెప్పడానికి ఒక్క మాట చాలు. రైల్లో విన్న నవ్వు గుర్తొచ్చింది.

"మూడు రోజులు చాలు, ఈపాటికి బిగిసే ఉంటుంది" అన్నాను.

ఆ మూడు రోజుల మాట ఏ పుస్తకంలోనూ లేదు. నేను కల్పించాను.

సూపర్‌వైజరు ఒక కాగితం తీశాడు. మలుపు దగ్గర పనికి వచ్చేవాళ్లు ముందుకు వచ్చి వేలిముద్ర వేయాలి. రానివాళ్లను కిందికి దింపే బండి ఎప్పుడొస్తుందో తనకు తెలియదన్నాడు. చలికాలమంతా ఆ షెడ్డులో ఉండాలని దాని అర్థం. అయిదుగురు కదిలారు. వాళ్లలో అల్లుడు ఒకడు.

మేస్త్రీ తండా భాషలో ఏదో గట్టిగా అన్నాడు. అల్లుడు మా అందరికీ తెలిసేలా తెలుగులో జవాబిచ్చాడు. "మామా, రాయి సంగతి నువ్వు జెప్తే ఇంట. ఇది మంచు. పంతులు బుక్కుల జూసి చెప్తుండు గద."

నలుగురు వేలిముద్ర వేశారు. అల్లుడు పెన్ను అడిగాడు. నా పెన్నే ఇచ్చాను. మొదటి అక్షరం పెద్దదిగా, చివరి అక్షరం కిందికి జారుతూ, కాగితం మీద అతని మొదటి సంతకం. తల ఎత్తి నావైపు చూసి నవ్వాడు.

తక్కిన పదిహేను మందితో మేస్త్రీ రోడ్డు పక్కన బండ చాటుకు వెళ్లి నిలబడ్డాడు. సూపర్‌వైజరు చాయ్ తాగడానికి షెడ్డులోకి పోయాడు. మరి నేను ఎక్కడ నిలబడ్డాను? మీరు అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను. మేస్త్రీ పక్కన, బండ చాటున నిలబడ్డాను. నా నోటి కన్నా నా కాళ్లకు తెలివి ఎక్కువ.

ఎండ ముదిరాక డొబ్బుమని ఒక చప్పుడు వచ్చింది. పొద్దున మేస్త్రీ తట్టినప్పుడు వచ్చిన చప్పుడే, కొండంత పెద్దదిగా. వాలు మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత పడింది. గీత కింది మంచంతా ఒక్క పలకలా కదిలి, మలుపు దాటి, మేం కట్టిన గోడ మీదుగా లోయ వైపు దిగిపోయింది. తర్వాత తెల్లటి పొగ. పొగ విడిపోయేసరికి అయిదుగురిలో ఒక్కడూ కనిపించలేదు.

నేను కేకలు పెట్టాను. మేస్త్రీ కేక పెట్టలేదు. "వరుస గట్టున్రి. జానెడు దూరానికొక పోటు. మెత్తగ తగిలితే ఆగున్రి" అన్నాడు. పదహారు గడ్డపారలు వరసగా మంచులో దిగాయి. నలుగురు దొరికారు, ఊపిరితో. ఒకడి కాలు విరిగింది, ఒకడి చెవి పోయింది. అయిదోవాణ్ణి పొద్దు వాలే వేళకు మేస్త్రీ గడ్డపారే కనుక్కుంది. అతను గడ్డపారను మెల్లగా పక్కన పడుకోబెట్టి, చేతులతో తవ్వాడు. అల్లుడి మొహం మీద మంచు తుడిచి, నావైపు ఒక్కసారి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు పెద్ద ఆఫీసరు రాలేదు. అతని జీపు కోసమే కదా ఇదంతా! రాలేదు. రోడ్డు బాగాలేదని కబురు పంపాడు.

సూపర్‌వైజరు మాత్రం మరునాడే రిపోర్టు తయారుచేశాడు. నా దస్తూరి బాగుంటుందని నాతోనే రాయించాడు. చనిపోయిన కూలీ వద్దన్నా వినకుండా, వంటకు కట్టెలు ఏరుకోవడానికి, తనంతట తానే వాలు కిందికి వెళ్లాడని అందులో రాయించాడు. కట్టెలట! అక్కడ మూడు మైళ్ల దాకా చెట్టన్నది లేదు. చచ్చినవాడి మీద దొంగ కట్టెల మోపు ఎత్తారు. ఎత్తినవాణ్ణి నేనే.

వేలిముద్రల కాగితం ఏదని అడిగాడు. ఇచ్చాను. నా కళ్ల ముందే దాన్ని పొయ్యిలో వేశాడు. ఆ సంతకం కాలిపోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పగలను. చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నంతసేపు.

అందరినీ పిలిచి సాక్ష్యంగా వేలిముద్రలు వేయమన్నాడు.

"ఏం రాసిన్రో సదువు పంతులూ" అన్నాడు మేస్త్రీ.

చదివాను. అంతా విని, బొటనవేలు పిడికిట్లో ముడుచుకుని, "ఇది అబద్ధం. నేనెయ్య" అన్నాడు. వంటాయన, "నా పొయ్యిల కిరసనాయిలు తప్ప కట్టె ఎన్నడన్న జూసినవా సారూ? నేనుగూడ ఎయ్య" అన్నాడు. బండి రాదని సూపర్‌వైజరు బెదిరించాడు. "రాకుంటే నడుస్తం" అన్నారు. కాలు విరిగినవాడు కూడా వేయనన్నాడు.

సూపర్‌వైజరు నావైపు తిరిగి మెత్తగా అన్నాడు. "వాళ్లు మొరటోళ్లు. మీరు చదువుకున్నవాళ్లు, మీకు పరిస్థితి అర్థమవుద్ది. ఒక్క సంతకం చాలు."

వేలిముద్ర తప్ప ఏమీ రాని ఇరవై మంది వేయలేదు. సంతకం వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడు. చేశాడు.

ఎలాగో కొండ దిగి ఊరు చేరాం. సూర్యాపేటలో బస్సు దిగాక మేస్త్రీ గడ్డపార భుజాన వేసుకుని మోతె దారి పట్టాడు. చాలా నెలలు నేను గ్రంథాలయం మెట్లెక్కలేదు. ఒకనాడు మధ్యాహ్నం ఎక్కాను. పర్వతాల పుస్తకం అడిగి తీసుకుని, నేను ఎత్తి రాసుకున్న వాక్యం వెతికాను. అది ఉంది. దాని కిందే ఇంకో వాక్యం ఉంది: కొండల్లో నివసించే నిరక్షరాస్యులు చేతికర్రతో మంచును తట్టి, గుల్లగా మోగితే ఆ వాలు కిందికి వెళ్లరట.

ఆ వాక్యం నాకు కొత్త కాదు. ముందు కూడా చదివాను. కావాలనే ఎత్తి రాసుకోలేదు. ఎందుకంటే అందులో 'అట' ఉంది, 'నిరక్షరాస్యులు' ఉంది. చదువురానివాళ్ల మాట శాస్త్రం కాదనుకుని, పేజీ తిప్పాను.

ఆ పుస్తకం తీసుకుని తండాకు వెళ్లాను. మేస్త్రీ ఇంటి ముందు రోలుకు గంట్లు పెడుతున్నాడు. ఆ వాక్యం చదివి వినిపించాను. సుత్తి ఆపి, రెండోసారి చదవమన్నాడు. చదివాను.

"మా అసొంటోడు ఎవడో చెప్పిండు. రాసినోడు మంచోడు, రాసి పెట్టిండు" అన్నాడు. సుత్తి కింద పెట్టి, "నడుమ నువ్వెందుకు ఇడిసిపెట్టినవ్ పంతులూ?" అన్నాడు.

నేను పుస్తకం మూశాను. లోపలి నుంచి అతని కూతురు వచ్చి గడప దగ్గర నిలబడింది. "ఆయన సంతకం నేర్సుకున్నడని ఉత్తరంల రాసిన్రు గదా సారూ. యాడన్న ఒక్క కాయితం మీద ఉన్నదా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను. ఎందుకు లేదో కూడా చెప్పాను. ఆమె అంతా విని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజే అర్జీ రాశాను. జరిగింది జరిగినట్టు, నా మూడు రోజుల అబద్ధంతో సహా. మేస్త్రీ మొదట వేలిముద్ర వేశాడు. తండాలు, ఊళ్లు తిరిగి తక్కిన పంతొమ్మిది మంది ముద్రలూ వేయించుకుని, కింద నా సంతకం చేసి కాంట్రాక్టరు ఆఫీసుకు పంపాను. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. సంఘటన స్థలంలో ఉన్న చదువుకున్న సాక్షి సంతకం చేసిన వాంగ్మూలం ఉండగా, కూలీల వేలిముద్రలు చెల్లవు. విషయం ముగిసినది.

ఆ సాక్షిని నేనే! అర్జీ కింద ఉన్న సంతకం కూడా నాదే! ఆఫీసులో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు. అబద్ధం ముందు వెళ్లి కుర్చీలో కూర్చుంది, నిజం వెళ్లేసరికి తలుపు వేశారు. మళ్లీ రాశాను. మళ్లీ మళ్లీ రాశాను. జవాబు లేదు.

ఆ జవాబు మేస్త్రీకి చదివి వినిపిస్తే, అతను చాలా కాలం తర్వాత మొదటిసారి నవ్వాడు. "అంటే నీ సంతకం ముందట నీ సంతకమే నిలవలే. మంచిగున్నది పంతులూ నీ సదువు."

అది తిట్టే. న్యాయమైన తిట్టు.

మళ్లీ ఒకసారి ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. నేను ఎంతమందిని తిట్టానో, ఎంతమంది చేతుల్లోంచి పెన్సిలు లాక్కున్నానో, అదే పని చేశాను. నేను వదిలేసిన వాక్యం కింద గీత గీశాను. పక్కన ఖాళీలో ఒక పేరు రాశాను. మేస్త్రీ అల్లుడు రాసినట్టే. మొదటి అక్షరం పెద్దదిగా, చివరి అక్షరం కిందికి జారుతూ.

ఆ పుస్తకం ఇప్పటికీ గ్రంథాలయంలో ఉంది. అట్ట మార్చారు, ఆ పేజీ అలాగే ఉంది. మొన్న మీలో ఒకరు దాన్ని తెచ్చి చూపించి, "తాతా, ఎవడో పుస్తకం ఖరాబు చేసిండు చూడు" అన్నారు. ఎవరు చేశారో, ఆ పేరు ఎవరిదో అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాను. రబ్బరుతో తుడవకండి.